పాత ఊళ్లో అతని మేడ

సుభద్రమ్మగారు ఫోన్ చేసినప్పుడు నేను మధురవాడలో ఒక సైటు దగ్గర ఉన్నాను. స్లాబు పోస్తున్నారు. మిక్సరు రొదలో సగం మాటలు వినపడక పక్కకొచ్చి మళ్లీ చెప్పమన్నాను.

“పైనున్న కంప్యూటర్లోళ్లు కాళీ సేసి ఎలిపోనారు బాబూ. ఇప్పుడు నర్సింగ్ కాలేజీవోళ్లు అడుగుతన్నారు. ఆళ్లకి తగ్గట్టు మార్పులు సెయ్యాలంట. ఆ బాబు లేడు గదా, నువ్వే రావాల.”

ఆ బాబు లేడు గదా, నువ్వే రావాల. పెద్దావిడ మామూలుగానే అన్నారు. నాకు మాత్రం అది మామూలుగా తగల్లేదు. అతనుంటే నన్ను పిలవరు. అతను లేడు కాబట్టి పిలుస్తున్నారు. పాత ఊళ్లో మెయిన్ రోడ్డు మీద ఆవిడ కోసం అతను కట్టిన ఆఫీసు మేడ గురించి ఇప్పటికీ నా క్లయింట్లు నాతోనే మాట్లాడతారు. “అలాంటిది కట్టండి సార్” అంటారు. నేను నవ్వి, కాఫీ చెప్పి, నా డ్రాయింగులు తెరుస్తాను.

అతను పోయి ఏడాది కావస్తోంది. ఛాతీలో నొప్పిగా ఉందని తనే ఆటో పిలుచుకుని ఎక్కాడట. దారి పొడుగునా ఆటో డ్రైవరుతో కబుర్లు చెబుతూ, ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడట. పేరు రాయను. అతను నన్నూ నేను అతన్నీ బావా అనే పిలుచుకున్నాం. చుట్టరికం ఏమీ లేదు. మా ఊళ్లో మగవాళ్లు పిలుచుకునే పిలుపది.

ఇద్దరం ఇక్కడే ఆర్కిటెక్చర్ చదివాం, ఒకే క్లాసు. మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు చేసేవారు. నేను పుట్టి పెరిగింది ఉక్కునగరంలో, ఒకేలా కనిపించే క్వార్టర్ల వరసల మధ్య. అన్ని జిల్లాలవాళ్లూ కలిసి ఉండే చోటు కాబట్టి నా భాష ఏ ఊరిదీ కాకుండా పోయింది. అతను తగరపువలస అవతల ఒక పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. వాళ్లది వ్యవసాయం. చదువూ, హైదరాబాదులో ఉద్యోగమూ, పెద్దపెద్ద సభల్లో ప్రసంగాలూ, ఇవేవీ అతని నోట్లోంచి ‘నాను’ని తీసి ‘నేను’ పెట్టలేకపోయాయి. నేనేమో అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు సాధన చేసినవాణ్ని. నేను మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు ఫోన్లు చూసుకునేవాళ్లు. అతను “ఏటంటే అండీ” అని మొదలుపెడితే ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోయేవి. నా అసూయకి అదే మొదలు.

ఎవరింటికి వెళ్లినా అతను వాళ్లు చూపించిన కుర్చీలో కూర్చునేవాడు కాదు. ముందు గదంతా ఒకసారి తిరిగేవాడు. మెడ మీద చెమట ఎక్కడ చల్లబడిందో అక్కడ ఆగి, కుర్చీని అక్కడికి లాక్కుని, “ఈడ బాగున్నాది” అని కూర్చునేవాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మా ఆవిడ కాఫీ తెచ్చేలోగా పడకగదిలోకి తొంగిచూశాడు.

“ఏటి బావ, మంచం గోడకి అతికించీసినావు? కిటికీ కాడికి లాగు” అని ఒక పక్క నా చేత పట్టించి, రెండో పక్క తను పట్టుకుని జరిపాడు.

నేను ఆర్కిటెక్టుని. ఆ ఇల్లు నేనే గీసుకున్నాను. ఆ మంచం ఎక్కడ ఉండాలో నా ప్లానులోనే ఉంది. మర్నాడు పొద్దున్న మా ఆవిడ లేచి, “చాలా రోజులకి హాయిగా నిద్ర పట్టిందండీ, మీ ఫ్రెండు మంచివాడు” అంది. దాన్ని మళ్లీ గోడకి జరుపుదామని నేను రెండు మూడుసార్లు అన్నాను గానీ ఆమె వినిపించుకోలేదు.

ఇంకో అలవాటు ఉండేది. మధ్యాహ్నం భోజనమయ్యాక, కడుతున్న భవనంలోనే ఏదో ఒక అంతస్తులో న్యూస్ పేపర్లు పరుచుకుని పడుకునేవాడు. మేస్త్రీలు నవ్వుకునేవాళ్లు. “నిద్దర పట్టని బిల్డింగులో పని కూడా జరగదు బావ. ఒకపాలి నువ్వూ పడుకుని సూడు” అనేవాడు. ఎవరూ లేని సమయం చూసి నేనూ నా సైటులో పడుకుని చూశాను. నడుం పట్టేసింది.

రుషికొండ దగ్గర నేను కట్టిన మొదటి పెద్ద ఆఫీసు భవనం ప్రారంభోత్సవానికి అతన్ని పిలిచాను. అందరూ వచ్చి చేయి కలుపుతున్నారు. అతను రోడ్డుకి అవతల నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కిందినుంచి పైదాకా చూసి, దగ్గరికొచ్చి, “బాగున్నాది బావ. అద్దంలాగున్నాది” అన్నాడు. అది అద్దాల భవనమే. ఆ మాటలో పొగడ్త ఉందా, ఎత్తిపొడుపు ఉందా అని నేను కొన్ని నెలలు ఆలోచించాను. ఆ తర్వాత ఎండ పడే వైపు కూర్చున్న ఉద్యోగులు అద్దాలకి లోపలినుంచి పాత క్యాలెండర్లు అంటించుకున్నారు. అతను దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే నాకు సుఖంగా ఉండేది.

ఆ మేడ లేవకముందు, అక్కడున్న సుభద్రమ్మగారి పాత కట్టడం దగ్గరికి మేమిద్దరం ఒకే రోజు వెళ్లాం. వాళ్లది పాత వ్యాపార కుటుంబం. ఓడలకి తాళ్లూ టార్పాలిన్లూ సరఫరా చేసేవాళ్లు. భర్త పోయాక వ్యాపారం ఆగింది. రోడ్డు వైపు దళసరి సున్నపు గోడలు, పైన పెంకులు, వెనక విశాలమైన పెరడు. ఆ రోడ్డంతా అప్పటికి అలాగే ఉంది. ఆఫీసులన్నీ సిరిపురానికీ, రుషికొండకీ, మధురవాడకీ ఎక్కిపోయాయి. పగలు లారీలు, సాయంత్రమైతే కుక్కలు. కురుపాం మార్కెట్ దగ్గర మనుషులు కనిపించినా వాళ్లు కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లే తప్ప ఆగేవాళ్లు కాదు.

ఆవిడ మరిది కొడుకు ఒకాయన ఉన్నారు. ఆయనకి ఆ కట్టడాన్ని పడగొట్టి గొడౌనుకి ఇచ్చెయ్యాలని ఉంది. ఆవిడకి మాత్రం అక్కడ మనుషులు కావాలి. “పెళ్లై వొచ్చినప్పుడు ఈ ఈదిలో కాలెట్టడానికి జాగుండీది కాదు. మళ్లీ అలాగ సూసి పోతాను” అన్నారు. ఆఫీసులు కడితే జనం తిరిగొస్తారని ఎవరో చెప్పారట. మా ఇద్దరి పేర్లూ కూడా వాళ్లే చెప్పారట.

ముందు నా వంతు. పాతదంతా తీసేసి, నిలువెత్తు అద్దాలతో, భవనమంతటికీ ఒకే ఏసీతో నేను చేసిన డిజైను తెర మీద చూపించాను. మరిది కొడుకు మెచ్చుకున్నారు. సుభద్రమ్మగారు చాలా మర్యాదగా విన్నారు.

“కరెంటు పోతే ఏటవుద్ది బాబూ?”

“జనరేటర్ ఉంటుందమ్మా.”

“అద్దెకొచ్చిన కంపినీవోడు ఎలిపోతే?”

“ఇంకో కంపెనీ వస్తుందమ్మా.”

“ఆడికీ ఇలాగే కావాలేటి?”

డిజైను మార్చుకోవచ్చని ఏదో అన్నాను. తర్వాత అతను లేచాడు. చేతిలో ల్యాప్‌టాప్ లేదు, కాగితాల చుట్ట ఉంది కానీ విప్పలేదు.

“మద్దేన్నం పూట మీరెక్కడ కూకుంటారమ్మా?” అని అడిగాడు.

ఆవిడ కాస్త ఆశ్చర్యపోయి, మెట్ల పక్క నడవలోకి తీసుకెళ్లారు. రోడ్డు గుమ్మానికీ పెరటి గుమ్మానికీ మధ్య సన్నటి దారి అది. అతను అక్కడ గచ్చు మీద చతికిలబడ్డాడు. మమ్మల్నీ కూర్చోమన్నాడు. ఇస్త్రీ ప్యాంటుతో, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నేనూ కూర్చున్నాను. బయట మండే ఎండ. నడవలో సముద్రం మీదినుంచి వచ్చే గాలి మా మధ్యనుంచి పెరట్లోకి పోతోంది.

“మా ఆయన కూడా ఈడే కూకునీవోరు” అన్నారావిడ.

“దీన్ని పడగొట్టొద్దమ్మా. ఈ గోడలు వేడిని లోనికి రానివ్వవు. ముందు బాగం ఇలాగే ఉంచీసి, ఎనకాల పెరట్లో ఇనపసట్రం నిలబెడదాం, బోల్టులతో. మద్దిన గోడలు కట్టం, అడ్డాలు పెడతాం. వైర్లు, గొట్టాలు పైకి కనపడేటట్టు వరండాలంట తీసుకెల్తాం. ఇయ్యాల ఆఫీసోడొస్తాడు. రేపు బడోడొస్తాడు. ఎల్లుండి డాకటేరొస్తాడు. ఎవుడికి కావలసినట్టు ఆడు జరుపుకుంటాడు. కిందంతా రోడ్డుకి తెరిసీసి ఉంచుదాం. నడిసెల్లీవోడికి నీడుండాల గదా.”

మరిది కొడుకు ఊరుకోలేదు. “ఆఫీసంటే ఆఫీసులా కనపడాలి కదండీ. రేపు బడి అవుతుంది, ఆస్పత్రి అవుతుంది అంటే దానికో రూపం ఏముంటుంది?”

“ఆపీసులే మారిపోతన్నాయి బాబూ. సగం మంది ఇంటికాడే పన్జేత్తన్నారు. ఇంకో పదేళ్లకి ఆపీసంటే ఎలాగుంటాదో నాకు తెల్దు, మీకూ తెల్దు. బిల్డింగనీది సొక్కా కాదండి, పంచె. ఎవుడు కట్టుకుంటే ఆడికి సరిపోవాల.”

సుభద్రమ్మగారు నవ్వారు. ఆ నవ్వు చూసి నేను ల్యాప్‌టాప్ మూసేశాను. ఆవిడ మరిది కొడుకు వైపు తిరిగి, “ఈ బాబు సెప్పినట్టు కడదాం. నిండకపోతే అప్పుడు నీ ఇష్టం, గొడౌనుకే ఇచ్చీ” అన్నారు.

బయటికి వచ్చాక అతను నా భుజం మీద చెయ్యేశాడు. “నీ లిఫ్టు పెట్టిన సోటు మంచిది బావ. నాకది తట్టలేదు. వాడుకుంటాను, ఏటనుకోకు” అన్నాడు. అనుకోనన్నాను. ఇంటికి వెళ్లేదాకా అదే అనుకున్నాను. స్టీలు ప్లాంటు నీడలో పెరిగినవాణ్ని నేను. ఇనుముతో భవనం నిలబెట్టాలన్న ఆలోచన తగరపువలస రైతు కొడుక్కి వచ్చింది.

మేడ లేచింది. చెప్పకూడదనుకున్నా చెప్పాలి, అందంగా ఉంది. పాత సున్నపు గోడల వెనక, ఎండకి అడ్డంగా చెక్క పలకలు బిగించిన వరండాలతో ఇనప అంతస్తులు. వాన నీళ్లు కిందికి దిగి పెరట్లో తొట్టిలో పడేవి. పైన సోలార్ పలకలు. కింద రోడ్డు వైపు వసారాలో, అంతకుముందు టార్పాలిన్ కింద కుట్టుకునే టైలర్‌కీ, టీ కొట్టుకీ చోటు ఇచ్చాడు. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పై అంతస్తులు తీసుకుంది. ఓడల సరుకు ఏజెంట్లు ఒక పక్క, ఆడిటర్లు ఒక పక్క. సాయంత్రం ఆ అమ్మాయిలూ అబ్బాయిలూ మెడల్లో కార్డులతో కురుపాం మార్కెట్ దాకా నడిచి వెళ్లి, పూలూ పళ్లూ కొనుక్కునేవాళ్లు. టిఫిన్ బళ్లు తిరిగి వచ్చాయి. ఎదురుగా మూతబడిన రెండు షాపులు షట్టర్లు ఎత్తాయి. నేను కారులో ఆ రోడ్డున వెళ్లేవాణ్ని, అద్దాలు పైకెత్తుకుని. పని ఉండి కాదు.

పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. వేరే రాష్ట్రాల నుంచి విద్యార్థులు బస్సుల్లో వచ్చి చూసి వెళ్లారు. ఒక్కో వ్యాసాన్నీ నేను పూర్తిగా చదివాను, ఎక్కడైనా ఎవరైనా ఒక లోపం పట్టుకున్నారేమోనని. పట్టుకోలేదు. అతనికి అప్పటికే జుట్టు పలచబడింది. ఫోటోల్లో అది బాగా తెలిసేది. ఆ మాత్రం ఊరట నాకు మిగిలింది.

లోపం ఉందని మొదటి ఎండాకాలంలో తెలిసింది.

గాలి కోసం తెరిచి ఉంచిన వరండాల్లోంచి గాలి ఒక్కటే రాలేదు. రోడ్డు మీద పగలంతా తిరిగే లారీల దుమ్మూ, సముద్రపు ఉప్పు తేమా కలిసి వచ్చాయి. బల్లల మీద నల్లటి జిడ్డు. కాగితాలు అంటుకుపోతున్నాయి. కంప్యూటర్లు ఒకటొకటిగా మొరాయించాయి. ఖాళీ చేస్తామని సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు చెప్పేశారు. సుభద్రమ్మగారి మరిది కొడుకు నేరుగా నా ఆఫీసుకి వచ్చారు.

“మీరొకసారి చూసి మా పెద్దమ్మకి చెప్పండి సార్. ఇది పనికిరాదని మీలాంటివాళ్లు చెబితే ఆవిడ వింటారు. ముందే మీది కట్టుకోవలసింది.”

ముందే మీది కట్టుకోవలసింది. ఆ మాట కోసం నేను ఎంతకాలం ఎదురుచూశానో ఆయనకి తెలియదు. వెంటనే బయలుదేరాను. కారు నడుపుతూ, అక్కడ ఏం చెప్పాలో, ఎంత మెత్తగా చెప్పాలో వాక్యాలు కూడా కూర్చుకున్నాను.

వెళ్లేసరికి అతను పై అంతస్తులో తడిగుడ్డ పట్టుకుని ఒక అమ్మాయి బల్ల తుడుస్తున్నాడు. సుభద్రమ్మగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కంపెనీ మేనేజరు నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే అతని ముఖం విప్పారింది.

“రా బావ. తప్పు సేసీసినాను సూడు. గాలి గురించి ఆలోసించినాను గానీ గాలిలో ఏటుంటాదో ఆలోసించనేదు.”

అందరి ముందూ అన్నాడు. భోజనంలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు. నా భవనాల్లో ఏదైనా తేడా వస్తే నేను ముందు కాంట్రాక్టర్ని తిట్టేవాణ్ని, తర్వాత ఎండని తిట్టేవాణ్ని. నేను కూర్చుకున్న వాక్యాలన్నీ అతను ఒక్క మాటతో పనికిరాకుండా చేశాడు. తప్పయిందని అతనే చెప్పేశాక నేను చెప్పడానికి ఏముంది?

“నువ్వు మూసీసిన బిల్డింగులు కట్టినోడివి. నాకు ఆ పని రాదు. నువ్వు సెప్పు, ఏటి సెయ్యాల?”

మరిది కొడుకు నా వైపు చూస్తున్నారు. పడగొట్టమని చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. కానీ అతను అడిగిన తీరు ఎలాంటిదంటే, నా బుర్ర నన్ను అడక్కుండానే పని మొదలుపెట్టింది. కిటికీల వైపు నడిచాను. పెరటి వైపు వెళ్లి చెయ్యి బయటపెట్టి చూశాను. అక్కడ దుమ్ము తక్కువ.

“కంప్యూటర్లన్నీ ఒకచోట ఉండాలి” అన్నాను. “వెనకవైపు, ఒక హాలులో. దాన్ని మాత్రం పూర్తిగా మూసేసి ఏసీ పెట్టాలి. చిన్న హాలు కాబట్టి కరెంటు పెద్దగా అవదు. ముందు వైపు మీటింగులు, భోజనాలు పెట్టుకోవచ్చు. ఆ వరండాలకి కడుక్కోడానికి వీలుగా సన్నటి వల తెరలు బిగించాలి. లోపలికి తీసుకునే గాలి రోడ్డు మీదినుంచి కాదు, పెరటి మీదినుంచి తీసుకోవాలి.”

“మరి గోడలు?” అన్నాడు మేనేజరు. “మళ్లీ పగలగొట్టి కట్టాలంటే మేం ఎక్కడుంటాం?”

“గోడలేవి బాబూ?” అని అతను నవ్వాడు. “బోల్టులు విప్పీడమే.”

ఒక సెలవు రోజున వడ్రంగులూ వెల్డర్లూ వచ్చి అడ్డాలన్నీ విప్పి వెనక్కి జరిపారు. మర్నాడు ఉద్యోగులు వచ్చి తమ బల్లలు వెతుక్కుని పని మొదలుపెట్టారు. కంపెనీ ఉండిపోయింది. మేడా ఉండిపోయింది. మరిది కొడుకు ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశారు.

అక్కడితో ఊరుకుని ఉంటే నేను ఆ సంగతి మరిచిపోయేవాణ్నేమో. అతను ఊరుకోలేదు. ఎక్కడ మాట్లాడినా, “ఆ ఆలోసన మా బావది” అని చెప్పేవాడు. వ్యాసంలో రాశాడు. నన్ను ఒక సభకి లాక్కెళ్లి లేపి నిలబెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరైనా నా ఆలోచన దొంగిలిస్తే కోపగించుకోవచ్చు. ఇచ్చిన దానికి పదింతలు తిరిగి ఇచ్చేవాణ్ని ఏం చెయ్యాలి? నా రుషికొండ అద్దాల భవనం గురించి అప్పుడు ఆలోచించాను. అందులో ఒక్క గోడ జరపాలన్నా సుత్తులు పట్టుకోవాలి. క్యాలెండర్లు అంటించుకోవడం తప్ప అందులోవాళ్లకి ఇంకో దారి లేదు. నేను దాన్ని అలా కట్టాను. అతని మేడ తప్పు చేసి దిద్దుకోగలదు, అతనిలాగే. నా మేడ చెయ్యలేదు, నాలాగే.

సంతాపసభ ఆ మేడలోనే, కింద వసారాలో పెట్టారు. రోడ్డు మీదిదాకా జనం. ఆఫీసులవాళ్లు, విద్యార్థులు, మేస్త్రీలు, ఆటోవాళ్లు. నిలబడి చూస్తూ, నేను పోతే ఎవరెవరు వస్తారా అని మనసులో పేర్లు అనుకోవడం మొదలుపెట్టాను. కాసేపటికే పేర్లు అయిపోయాయి. నన్ను మాట్లాడమన్నారు. నేను తయారయ్యే వెళ్లాను. మంచి తెలుగులో, ఎక్కడా తడబడకుండా, అతని వృత్తి గురించీ దృష్టి గురించీ చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. నా తర్వాత వసారాలోని టైలర్ లేచాడు.

“ఆయనొచ్చినప్పుడల్లా నా మిసను జరిపీసీవోడండి. ఈడ ఎలుతురు బాగుంటాది, ఆడ బాగుంటాదని. నాను మళ్లీ ఎనక్కి లాక్కునీవోణ్ని. ఇప్పుడు ఎవుడూ జరపడం నేదు. ఉన్నకాడే ఉంటంది” అని కూర్చున్నాడు.

జనం నవ్వారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ మనిషి పోయాక కూడా, అతని గురించి నాకంటే టైలర్ బాగా మాట్లాడాడని నాకు మండింది. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే, “మీరు మారరు” అని లోపలికి వెళ్లి ఏడ్చింది.

అలాంటి మేడని మార్చడానికి ఇప్పుడు నన్ను రమ్మన్నారు. ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, దానిలోపల ఎక్కడో ఒకచోట అతను అశ్రద్ధగా చేసిన పని కనపడకపోదని ఆశ ఉంది.

పని మొదలుపెట్టాం. వడ్రంగులు అడ్డాలు విప్పారు. ఏదీ విరగలేదు, ఏదీ పారెయ్యలేదు. ఆఫీసు గదుల చెక్కలే తరగతి గదులకి సరిపోయాయి. నర్సింగ్ కాలేజీకి ఒక ల్యాబు కావాలి, అందులో వరసగా సింకులు. వరండాలో ఉన్న నీళ్ల గొట్టాల్ని హాలు లోపలికి ఎలా తేవాలా అని నేను తల పట్టుకున్నాను. పెరటి వైపు మూలన ఫ్లోరు పలక ఒకటి ఎత్తితే, కింద మూతలు బిగించిన గొట్టాల వరస ఉంది. కంప్యూటర్ ఆఫీసులో నీళ్లతో ఎవరికీ పని లేదు. ఎవరికోసమో తెలియకుండానే పెట్టి ఉంచాడు.

“ఆ సారుకి ముందే తెలుసేటండి?” అన్నాడు ప్లంబరు.

“తెలీదు” అన్నాను. “తెలీదనే పెట్టాడు.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు ఆ రోజంతా పనివాళ్ల మీద విసుక్కున్నాను.

అయినా నాకంటూ ఒకటి చెయ్యాలనిపించింది. రెండు అంతస్తుల మధ్య, పెరటి వైపు, ఒక ఫ్లోరు ముక్క తీసేసి వెడల్పాటి మెట్లు పెట్టాను. ఎక్కి దిగడానికే కాదు, పిల్లలు క్లాసుకీ క్లాసుకీ మధ్య కూర్చోడానికి. కింద పెరట్లోని వేపచెట్టు కొమ్మలు ఆ మెట్ల దాకా వస్తాయి. దీన్ని గీసినప్పుడు నాకు చాలా కాలం తర్వాత సంతోషం కలిగింది. ఇది అతనిది కాదు. అతని కాగితాల్లో ఎక్కడా లేదు. ఇది నాది.

పని పూర్తయ్యాక సుభద్రమ్మగారు చూడటానికి వచ్చారు. మోకాళ్ల నొప్పులతో మెల్లగా ఎక్కి, ఆ మెట్ల మీద కూర్చున్నారు. చీర చెంగుతో మొహం తుడుచుకుని చుట్టూ చూశారు. నేను ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాను, పరీక్ష రాసినవాడిలాగా.

“బాగున్నాది బాబూ” అన్నారు. చేతికందిన వేపకొమ్మని తడిమి, “ఆ బాబున్నా ఇలాగే సేసుండీవోడు” అన్నారు.

“అవునమ్మా” అన్నాను.

ఆవిడ దృష్టిలో దాన్ని మించిన మెప్పు లేదు. నాకు అది తెలుసు. తెలిసినా చేదుగానే తగిలింది.

కాలేజీ తెరిచిన రోజు పొద్దున్నే వెళ్లాను. తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని. తెల్ల కోట్లు వేసుకున్న అమ్మాయిలు గుంపులుగా వస్తున్నారు. చేపల రేవు వైపు నుంచి కొందరు, పల్లెల బస్సులు దిగి కొందరు. రోడ్డంతా వాళ్ల మాటలే. ఒక అమ్మాయి మెట్ల దగ్గర ఆగి, చెక్క పలకలూ ఇనప దూలాలూ బోల్టులూ పరిశీలనగా చూస్తోంది. ఎవరో చెప్పి ఉంటారు, నా దగ్గరికి వచ్చింది.

“ఈ బిల్డింగు కట్టినోరు మీరేనా అండీ?”

“కాదమ్మా” అన్నాను. అతని పేరు చెప్పాను. ఇంటి పేరుతో సహా చెప్పాను.

ఆ అమ్మాయి కాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. “ఎవురండీ ఆయన?” అంది.

తెలియదు. ఎప్పుడూ వినలేదు. అతను పోయి ఏడాది దాటిందో లేదో, అతను కట్టిన మేడలో నిలబడి, అతని వసారాలో టీ తాగి వచ్చి, ఎవరు అని అడుగుతోంది. ఈ ఊళ్లో అతని పేరు తెలియని మనిషి ఒక్కరైనా ఉంటే బాగుండునని నేను ఎన్నిసార్లు కోరుకున్నానో. తీరా ఆ మనిషి ఎదురొస్తే, నా వస్తువేదో నా చేతుల్లోంచి ఎవరో లాక్కుపోతున్నట్టు ఉంది. నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీదా, ఊరి మీదా.

“క్లాసు ఎన్నింటికి?” అన్నాను.

“ఇంకా టైముందండీ.”

“అయితే కూర్చో. చెప్తాను.”

ఆ అమ్మాయి కొంచెం బెదిరినట్టు చూసి, మెట్ల మీద ఒదిగి కూర్చుంది. వెనకాలే వచ్చిన స్నేహితురాళ్లు ఇద్దరు, ఏమిటో చూద్దామని ఆమె పక్కన చేరారు. నేను నిలబడే ఉన్నాను. గొప్పవాడనీ, మంచివాడనీ చెబితే వాళ్లు తలలూపి మరిచిపోతారు.

“నాకు అతనంటే అస్సలు పడేది కాదు” అని మొదలుపెట్టాను.